రెండు గుమ్మాల లోకనాథం

మా లోకనాథం మావయ్యకు తెలియని విషయమంటూ లేదు. మేముండే రంగూన్‌లో వాన ఎప్పుడు వెలుస్తుందో తెలుసు. రష్యావాళ్ళకు రాత్రిళ్ళు నిద్రెందుకు పట్టడం లేదో తెలుసు. మా అత్త బాలామణి పెట్టబోయే పులుసులో ఏం తక్కువవుతుందో ఆవిడ పొయ్యి ముట్టించకముందే తెలుసు. అన్నిటికన్నా బాగా తెలిసింది మాత్రం చీనావాళ్ళ సంగతి.

"చీనావోళ్ళంటే ఎవురనుకున్నావు? తూరుపు దేశపు యూదులు!" అనేవాడు.

ఈ జ్ఞానం ఆయనకు పాన్సోడాన్ వీధిలో, పేవ్‌మెంట్ మీద కొన్న పాత ఇంగ్లీషు పుస్తకంలో దొరికింది. అట్ట చిరిగిపోయింది కనక రాసిన మహానుభావుడెవరో తెలియదు, వాడి అదృష్టం. ఆ పుస్తకం ప్రకారం యూదులూ చీనావాళ్ళూ ఒక్క తాను ముక్కలేనట. తమవాళ్ళనే పెళ్ళాడతారట, తమవాళ్ళకే పని ఇస్తారట, చిరుగు చొక్కా వేసుకుని ఇనప్పెట్టె నింపుతారట, ఏ దేశం వెళ్ళినా అదంతా తమదే అనుకుంటారట. ఇదంతా మావయ్య మెడపట్టీ తిరగేసి కుట్టించుకున్న చొక్కాలో కూర్చుని చెప్పేవాడు. ఆయన పెళ్ళాడింది సొంత మేనమామ కూతుర్ని. ఆయన కొట్లో పనివాళ్ళందరూ శ్రీకాకుళం దగ్గర ఒకే ఊరినించి ఓడెక్కి వచ్చినవాళ్ళు. అదెలా అని అడిగితే, "అది వేరు. అది మన ఆచారం" అనేవాడు. నేను ఆయన చెల్లెలి కూతుర్ని, విజయశ్రీని. మా అమ్మ పోయాక ఆ ఇంట్లోనే పెరిగాను కాబట్టి ఈ ఉపన్యాసం నాకు ఎక్కాల కన్నా ముందే నోటికి వచ్చేసింది.

ఇంట్లో మేం వినడం మానేశాక ఆయన వీధి చివర టీకొట్టుకు మారాడు. అక్కడ శ్రోతలకు కొదవలేదు. మింగళాడోన్ బస్సులో కండక్టరు మౌంగ్ మౌంగ్ అయితే టీ తనే తెప్పించి మరీ చెప్పించుకునేవాడు. "మళ్ళీ చెప్పు ఊ లోకా, ఆ యూదుల సంగతి" అనేవాడు. 'ఊ' అంటే బర్మావాళ్ళ 'గారు'. మావయ్యకు అంతకన్నా ఏం కావాలి?

ఇంతకీ మావయ్య తన జన్మలో దగ్గరగా చూసిన యూదు ఒక్కడే. మేముండేది ఇరవై ఎనిమిదో వీధిలో ఒక పాత మేడ. కింద మా కొబ్బరికాయలు, కర్పూరం, సాంబ్రాణి కొట్టు, దాని వెనక మా వాటా. పైన హెస్కెల్ గారు ఉండేవాడు. టైపు మిషన్లు బాగుచేసేవాడు. ఆయనకు ఒక కోటు, ఒక కూతురు, లెక్కలేనన్ని దగ్గులు ఉండేవి. వాళ్ళ మతం ప్రకారం శనివారం తన చేత్తో పొయ్యి ముట్టించకూడదని అత్తను పిలిచి ముట్టింపించుకునేవాడు. దేశాన్ని మింగే పనిలో ఉన్నవాడు పొయ్యి కోసం కిందింటావిణ్ణి బతిమాలడమేమిటని నేను అడిగితే మావయ్య ఏమాత్రం తడబడలేదు. "ఈయన అసలు సరుకు కాదు. అసలోళ్ళు ఐరోపాలో ఉంటారు" అన్నాడు.

తరవాత సోషలిజం వచ్చింది. కొట్లన్నీ ప్రజల పరమైపోయాయి. ఒక ఉదయం సిపాయిలు మా తలుపు మీద తెల్లరంగుతో నంబరు వేసి, ఇది ఇకనించి ప్రజల దుకాణం అన్నారు. మావయ్య ప్రజల్లోకి రాడు కాబట్టి పక్కకు తప్పుకోమన్నారు. వాళ్ళతో వచ్చిన ఆఫీసరు పోతూ పోతూ, "మీ కలాలందరూ ఒకటే. మీలో మీరే ఉంటారు, ఇక్కడ తింటారు, అక్కడికి పంపిస్తారు" అన్నాడు. కలా అంటే మన మొహాలు చూసి వాళ్ళు పిలిచే పిలుపు, ముద్దుగా మాత్రం కాదు. మావయ్య ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఎంత మాటన్నాడే! ఒక్కణ్ణి సూసి మొత్తం జాతిని అలగనేత్తాడా? ఆడికి బుద్దుందా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సాయంత్రం మొహం కడుక్కుని టీకొట్టుకు వెళ్ళి చీనావాళ్ళ గురించి చెప్పి వచ్చాడు. అన్నం తినకపోయినా అది మాత్రం మానలేదు.

మన తెలుగువాళ్ళు చాలామంది విశాఖపట్నం ఓడలెక్కేశారు. మావయ్య ఎక్కలేదు. "నాను పుట్టింది ఇక్కడ. ఆ ఊరు మా తాతది, నాది కాదు" అన్నాడు. చివరికి ప్రభుత్వం ఆయన కొట్లోనే ఆయన్ని గుమాస్తాగా పెట్టింది. ఆ ఏడే హెస్కెల్ గారు కోటు, కూతురు, దగ్గులతో సహా దేశం విడిచి వెళ్ళిపోయాడు. కింద వాటా కూడా ప్రజలకు కావలసి వచ్చింది కాబట్టి మేం పైన హెస్కెల్ గారి వాటాలోకి మారాం.

ఆ వాటా గుమ్మానికి కుడివైపు ద్వారబంధం మీద వేలెడు పొడుగున ఒక ఇత్తడి గొట్టం ఉండేది. దానికి రంగు మీద రంగు పూసి ఉంది, ఏటవాలుగా మేకులతో కొట్టి ఉంది. శనివారాలు పొయ్యి ముట్టించడానికి వచ్చినప్పుడు దాన్ని పట్టించుకోని అత్త, ఇల్లు తనదయ్యాక చూసి రెండు చేతులూ జోడించింది.

"ఇది పైడితల్లే! ఆ దొరకంటే ముందు మనోళ్ళెవురో ఇక్కడున్నార్రా. అమ్మోరిని గుమ్మానికి పెట్టుకుని, పోతా పోతా ఒగ్గీసి ఎల్లిపోయారు" అంది. శుక్రవారం శుక్రవారం గడపతో పాటు దానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టడం మొదలుపెట్టింది. ఇత్తడి గొట్టంలో పైడితల్లి కనపడాలంటే ఉత్తరాంధ్ర కళ్ళే కావాలి. కొన్నాళ్ళకు అది పసుపుముద్దలా తయారైంది.

మా ఎదుటి వాటా లిమ్ గారిది. ఆయన కట్టుడు పళ్ళు కట్టేవాడు. కింద మా కొట్టు పక్కనే ఆయన కొట్టు. అద్దాల పెట్టెలో వరసగా పళ్ళు నవ్వుతూ ఉండేవి. దాన్ని మాత్రం ప్రభుత్వం ముట్టుకోలేదు. పళ్ళతో సోషలిజం ఎలా చెయ్యాలో వాళ్ళ పుస్తకంలో లేదనుకుంటాను. ఆయన భార్య, కూతురు మేలాన్ పైన ఉండేవారు. మేలాన్ నేనూ ఒకే బడి, ఒకే బెంచి, ఒకే జడపిన్నుల డబ్బా.

కిళ్ళీలు నమిలి నమిలి మావయ్య పళ్ళన్నీ ఊడిపోతే లిమ్ గారే పళ్ళసెట్టు కట్టాడు. అంటే చీనావాళ్ళను తిట్టడానికి కావలసిన పళ్ళు కూడా చీనావాడే సమకూర్చాడన్నమాట. లిమ్ గారికి ఈ సంగతి తెలియకపోలేదు. మావయ్య ఉపన్యాసం టీకొట్టునించి ఆయన కొట్టుదాకా చక్కగా వినపడేది. సెట్టు సరిగ్గా కూర్చుందో లేదో చూడ్డానికి మావయ్య దవడలు పట్టుకుని, "ఊ లోకా, మమ్మల్ని తిట్టేటప్పుడు ఎక్కడైనా నొప్పి పెడుతోందా?" అని అడిగేవాడు. మావయ్య సిగ్గులేకుండా, "ఎడమపక్క కొంచెం" అనేవాడు. లిమ్ గారు ఎడమపక్క కాస్త అరగదీసి ఇచ్చేవాడు.

అరవై ఏడో సంవత్సరం జూన్‌లో ఊళ్ళో బియ్యం కరువైంది. ప్రపంచానికి అన్నం పెట్టిన దేశంలో గుప్పెడు బియ్యానికి క్యూ. బియ్యం ఎక్కడికి పోయాయని ప్రభుత్వాన్ని అడిగితే జైలు. చీనావాళ్ళు దాచేశారంటే ఏ జైలూ లేదు. దాంతో అందరూ అదే అన్నారు. అప్పుడే చీనా బడుల్లో చదివే పిల్లలు కొందరు చీనా దేశ నాయకుడి బొమ్మ ఉన్న బ్యాడ్జీలు చొక్కాలకు పెట్టుకుని, ప్రభుత్వం తియ్యమంటే తియ్యమన్నారు. అంతే, ఊరు చీనావాళ్ళ మీద పడింది. ఆ వారమే మావయ్య పళ్ళసెట్టు బీటలు వారితే, బాగుచెయ్యమని లిమ్ గారి కొట్లో ఇచ్చి వచ్చాడు. లోకం తలకిందులైన వేళ మా ఇంటి మేధావి బోసినోటితో ఉన్నాడు.

మధ్యాహ్నం వీధి చివర అద్దాలు పగిలిన చప్పుడు వినిపించింది. లిమ్ గారు కొట్టు మూసి పైకి పరుగెత్తుకొచ్చాడు. వాళ్ళ తలుపుకి అటూ ఇటూ కొత్త సంవత్సరానికి అతికించిన ఎర్ర కాగితాలు, వాటి మీద బంగారు అక్షరాలు. అంతకన్నా స్పష్టమైన చిరునామా అక్కర్లేదు. ఆయన మా వైపు చూశాడు. ఆయన వెనకనించి మేలాన్ కూడా చూస్తోంది.

"రండి, లోపలికి రండి" అంటూ అత్త ముందుకు వెళ్ళబోయింది. మావయ్య మా గుమ్మంలో రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు.

"నీకేటి పిచ్చా? ఆళ్ళు మనింట్లో దొరికితే మనల్నీ నరికేత్తారు. ఎదిగిన పిల్లుంది ఇంట్లో!" అని నన్ను చూపించాడు.

నన్ను అడ్డం పెట్టుకుని నా మేలాన్‌కి తలుపు మూస్తున్నాడు. ఆ క్షణంలో ఆయన్ని ఎంత అసహ్యించుకున్నానో ఇప్పటికీ చెప్పలేను.

అత్త ఆయన మొహంలోకి చూసింది. అరవలేదు. "మనింట్లోకి ఒద్దంతారు, అంతే గదా? అయితే ఆళ్ళిల్లే మనిల్లు సేసేత్తాను. బేగి రావే విజయా, పసుపు తే" అంది.

ఎర్ర కాగితాలు పరపరా లాగేసింది. ఊడిరాని ముక్కల మీద తడిపసుపు మెత్తింది. గడపకు పసుపు, బొట్లు. ఆ వారానికి మాకు వచ్చిన బియ్యం లోంచి తను చేసి దాచుకున్న పిండితో వాళ్ళ వాకిట్లో ముగ్గు వేసేసింది. గింజ కోసం జనం చస్తున్న రోజున! తరవాత అట్లకాడ పట్టుకుని మా గుమ్మం దగ్గర నిలబడింది.

"అమ్మా, పైడితల్లీ! నాలుగ్రోజులు ఆళ్ళింటికి ఎల్లి రాయే" అని దండం పెట్టి, ఇత్తడి గొట్టాన్ని పెకలించింది. పచ్చడిబండతో దాన్ని లిమ్ గారి గుమ్మానికి కొట్టింది. ఎలా ఉన్నదాన్ని అలా, అదే ఏటవాలుగా. "తలుపేసుకుని సప్పుడు సెయ్యకండి" అని లిమ్ కుటుంబాన్ని లోపలికి తోసి, చేట తెచ్చుకుని వాళ్ళ గడప పక్కనే చతికిలబడింది.

"ఇంటి మగాడు గుమ్మంలో ఉండాల. కూకోండి" అంది మావయ్యతో.

"ఆళ్ళ గుమ్మంలోనా?"

"ఇప్పుడది మనదే."

ఆయన కూర్చున్నాడు. ధైర్యం వచ్చి కూర్చున్నాడని నేను చెప్పను. కాలూ చెయ్యీ ఆడక కూర్చున్నాడు. కింద లిమ్ గారి అద్దాల పెట్టె బద్దలైన చప్పుడు, ఆ వెంటనే మెట్ల మీద అడుగుల చప్పుడు.

వచ్చిన పదిమందికీ ముందు నిలబడ్డవాడు ఎవరో కాదు, మౌంగ్ మౌంగ్. చేతిలో ఇనపరాడ్డు. మావయ్యను చూసి వాడి మొహం వెలిగింది. గురువుగారు కనిపించారు కదా.

"ఊ లోకా! ఆ పళ్ళవాడు ఎక్కడుంటాడు? నువ్వే చెప్పావుగా, వీళ్ళు తూర్పు దేశపు యూదులని, దేశాన్ని తినేస్తారని. లే, చూపించు."

 ఇన్నాళ్ళూ టీకొట్లో ఒలికించిందంతా ఇనపరాడ్డు పట్టుకుని మెట్లెక్కి వచ్చి ఎదురుగా నిలబడింది. చూపుడు వేలు వెనక్కి ఒక్క అంగుళం తిప్పితే చాలు. ఆయన చెయ్యి ఒళ్ళో ఉంది. నేను ఆ చేతినే చూస్తున్నాను.

"తెలీదు" అన్నాడు.

మౌంగ్ మౌంగ్ అటు చూశాడు, ఇటు చూశాడు. రెండు గుమ్మాలకీ పసుపు, రెండు గడపలకీ బొట్లు. "ఆ ఇల్లెవరిది?"

"మాది."

"మరి ఇది?"

"ఇదీ మాదే. రెండూ మావే."

పళ్ళు లేక మాట ముద్దగా వచ్చింది కానీ, వాళ్ళకు బాగానే అర్థమైంది. మౌంగ్ మౌంగ్ మా అత్త ముగ్గులో కిళ్ళీ ఉమ్మేసి వెనకవాళ్ళ వైపు తిరిగాడు.

"చూశార్రా వీణ్ణి! మనకు తల దాచుకోడానికి చోటు లేదు, కలావాడికి రెండేసి ఇళ్ళు! ఎక్కడికి పోయినా అంతా తమదేననుకునే జాతి. నీకూ చీనావాడికీ తేడా ఏముంది? మీరంతా అంతే. అంతేనా, కాదా? నీ నోటితో చెప్పు!" అని రాడ్డు మావయ్య గుండెకు ఆనించాడు.

చెప్పడానికి మావయ్య దగ్గర కావలసినంత ఉంది. కొట్టు పోయింది, అందులోనే కూలికున్నాడు. పుట్టింది ఈ ఊళ్ళో. రెండో ఇల్లు అసలు ఆయనది కానే కాదు. ఆఫీసరు ఒక్క మాటంటే అన్నం మానేసిన మనిషి.

"అవును బాబూ" అన్నాడు. "మేమంతే."

"గట్టిగా!"

"మేమంతే!"

వాళ్ళు పగలబడి నవ్వారు. నవ్వుకుంటూనే దిగి పక్క మేడలోకి వెళ్ళిపోయారు. అక్కడ ఏం జరిగిందో నేను రాయను. అత్త చేటలో తల పెట్టుకుని ఏడ్చింది. మావయ్య చాలాసేపు ఆ గుమ్మంలోంచి లేవలేదు. నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. పడలేదు, అరగంట కిందటి కోపం ఇంకా ఆరలేదు.

సైన్యం వచ్చి వీధులు సద్దుమణిగేదాకా లిమ్ గారి కుటుంబం ఆ పసుపు తలుపు వెనకే ఉంది, మా కుండలో అన్నమే తింది. తరవాత లిమ్ గారు కిందికి దిగి, బురదలో పళ్ళు ఏరుకున్నాడు. మావయ్య కూడా మోకాళ్ళ మీద కూర్చుని ఏరాడు. ఆయన సెట్టు దొరకలేదు. సరుకు బయటినించి రావడం ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి, దొరికినవాటితోనే లిమ్ గారు కొత్త సెట్టు కట్టాడు. ఒక పన్ను తెల్లన, ఒకటి పచ్చన, ఒకటి మరీ చిన్నది. ఎవరెవరి కోసం చేసినవో! సెట్టు నోట్లో పెట్టి, దవడలు పట్టుకుని, పాత ప్రశ్నే అడిగాడు.

"ఊ లోకా, తిట్టేటప్పుడు నొప్పి పెడుతోందా?"

"తెలీదు" అన్నాడు మావయ్య. "అలవాటు తప్పిపోయింది."

మరుసటి ఏడు లిమ్ గారు కుటుంబంతో మకావుకి వెళ్ళిపోయాడు. మేలాన్ వెళ్తుంటే నేను మేడ దిగలేదు, అంత ఏడుపు వచ్చింది. పైడితల్లిని వెనక్కి తెచ్చుకోమని లిమ్ గారి భార్య అంటే, "ఉండనీయమ్మా, ఖాళీ ఇంటికి కాపలా" అంది అత్త. అటుపైన ఆ వాటా ఎవరో ఆఫీసు గుమాస్తాకు ఇచ్చారు. వాళ్ళు బౌద్ధులు, మంచివాళ్ళు. శుక్రవారం శుక్రవారం ఎదుటింటావిడ వచ్చి తమ గుమ్మానికి బొట్టు పెట్టిపోతుంటే అదేమిటని కూడా అడగలేదు.

మావయ్య ఒక్కరోజులో మహాత్ముడైపోయాడని అనుకోకండి. పులుసుకి వంకలు పెట్టడం మానలేదు, రష్యావాళ్ళ నిద్ర గురించి చెప్పడం మానలేదు. కానీ టీకొట్లో ఎవరైనా ఫలానా జాతివాళ్ళంతా ఇంతే అని మొదలుపెడితే, నోట్లోంచి పళ్ళసెట్టు తీసి సాసర్లో పెట్టేసేవాడు. ఆ రంగురంగుల పళ్ళు చూసి ఎంతటివాడికైనా టీ సయించేది కాదు.

చాలా ఏళ్ళ తరవాత, విదేశీయులను ఏడు రోజులకు మించి ఉండనివ్వని కాలంలో, ఒకావిడ మా మేడ వెతుక్కుంటూ వచ్చింది. హెస్కెల్ గారి కూతురు రేచల్. మా గుమ్మం కుడివైపు ద్వారబంధం తడిమింది. మేకుల గుంటలు తప్ప ఏమీ లేదు. వెనక్కి తిరిగి ఎదుటి గుమ్మం మీద పసుపుముద్దను చూసి అలాగే నిలబడిపోయింది.

"ఆ ఇంట్లో మావాళ్ళెవరైనా ఉండేవారా?" అని సగం మరచిపోయిన బర్మా మాటల్లో అడిగింది.

"లేదమ్మా, చీనావాళ్ళు" అన్నాడు మావయ్య.

అప్పుడు చెప్పింది. దాన్ని మెజూజా అంటారట. లోపల తోలు మీద రాసిన ప్రార్థన ఉంటుందట. యూదుల ఇంటి గుమ్మానికే పెడతారట. నేను తెలుగులో చెప్పగానే అత్త లెంపలు వాయించుకుంది. "ఓలమ్మో, ఎంత తప్పయిపోనాది! ఇన్నాళ్ళూ ఆళ్ళ దేవుడికి బొట్టెట్టేసేను!" రేచల్ ఆవిడ చేతులు పట్టుకుని ఆపింది. ఏళ్ళనాడు ఏం జరిగిందో నేను చెపుతుంటే విన్నది. వేళ్ళతో ఆ గొట్టాన్ని తాకి, వేళ్ళను ముద్దు పెట్టుకుంది. పెదాలకు పసుపు అంటుకుంది.

మావయ్య నెమ్మదిగా అత్త వైపు తిరిగాడు. "సూసేవా? ఆళ్ళు యూదులని నాను ఏనాడో సెప్పలేదూ?" అన్నాడు. ఆ మాటకు మేం నవ్వడం అదే మొదలు, అదే ఆఖరు. నవ్వుతూనే ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. అత్త అట్లకాడ తెచ్చి ఇవ్వబోతే రేచల్ వద్దంది. పని చేస్తున్నదాన్ని తియ్యకూడదంది.

ఎనభై ఎనిమిదిలో ఊరంతా సైన్యం మీద లేచినప్పుడు, మా వీధి కుర్రాళ్ళు వెదురుతో గేటు కట్టి, ఎవరు మనవాళ్ళో ఎవరు కారో చూసుకోవాలని ఇల్లిల్లూ తిరిగారు. మావయ్య అప్పటికి బాగా ముసలివాడు, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తలకు ఎర్రగుడ్డ కట్టుకున్న అబ్బాయి మర్యాదగానే అడిగాడు.

"తాతా, ఆ పసుపు గుమ్మం ఎవరిది?"

"లిమ్‌ది."

"మరి ఈ ఇల్లు?"

"హెస్కెల్‌ది."

"మరి నీదేది తాతా?"

మావయ్య పళ్ళసెట్టు తీసి చూపించబోయాడు. అదీ లిమ్‌దేనని గుర్తొచ్చి, మళ్ళీ నోట్లో పెట్టేసుకున్నాడు.